బెంగళూరులో తెలుగు ర్యాప్ జంట: మొదటి పాట నుంచి విడిపోయే కాగితం దాకా

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఒకే పీజీ గదిలో ఉంటున్న ఇద్దరు, ఒకరు హిందూపురం వైపు నుంచి, మరొకరు విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు, రాత్రి భోజనమయ్యాక ఫోన్‌లో బీట్ (ర్యాప్ వెనక నడిచే వాద్యం) పెట్టుకుని చెరో నాలుగు పంక్తులు అందుకోవడంతో ఈ ఊళ్లో చాలా తెలుగు ర్యాప్ జంటలు మొదలవుతాయి. నేనూ అలాంటి జంటలో సగంగా నాలుగేళ్లు ఉన్నాను. అది ముగిశాక కుందలహళ్లి దగ్గర ఒక చిన్న గదిలో ఇతరుల పాటలు రికార్డు చేస్తూ మరికొన్ని జంటలు కలవడాన్నీ విడిపోవడాన్నీ దగ్గర నుంచి చూశాను. చూసినంతలో ప్రతిభ చాలక విడిపోయినవారు తక్కువ. పాటలో ఎవరి గొంతు ఎక్కడ వినిపించాలి, వచ్చిన రూపాయిలో ఎవరికి ఎంత అన్న రెండు పంపకాలను మొహమాటం కొద్దీ వాయిదా వేసి విడిపోయినవారే ఎక్కువ. అందువల్ల ఈ వ్యాసంలో మైకుల గురించి తక్కువగా, ఆ రెండు పంపకాల గురించి ఎక్కువగా చెబుతాను.

మీరు ఏ రకం జంట

ర్యాప్‌కు పుట్టిల్లయిన హిప్‌హాప్ పుట్టుకలోనే జంట ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంటు భవనంలో జరిగిన వేడుకలో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పుతుంటే, కోక్ లా రాక్ మైకు పట్టుకుని జనాన్ని హుషారు చేశాడు. ఒకరిది వాద్యం, మరొకరిది మాట. ఇది మొదటి రకం. 1987 నుంచి 1992 వరకు నాలుగు ఆల్బములు ఇచ్చిన ఎరిక్ బి, రకీమ్‌లు ఈ రకానికి అందరూ చెప్పే ఉదాహరణ. రెండో రకంలో ఇద్దరూ మాటగాళ్లే, బీట్ బయటినుంచి వస్తుంది. ఢిల్లీకి చెందిన సీధే మౌత్ జంట 2018లో ఇచ్చిన ఆల్బముకు బీట్లు కట్టింది మూడో వ్యక్తి. మూడో రకంలో ఇద్దరూ ర్యాప్ చేస్తారు, కానీ ఒకరు బీట్లు కూడా కడతారు. అమెరికా ర్యాప్ జంట రన్ ద జ్యువెల్స్‌లో ఎల్-పి చేసే పని ఇదే. ఆ జంటలో ఇద్దరూ 1975లో పుట్టినవారు, జంటగా మొదటి ఆల్బము ఇచ్చింది 2013లో. పాతికేళ్లు దాటాయని దిగులుపడే ఐటీ ఉద్యోగులకు ఈ లెక్క చెబుతుంటాను.

తెలుగు జంటల్లో మూడో రకమే ఎక్కువ కనిపిస్తుంది, తగాదాలు కూడా అందులోనే ఎక్కువ. బీట్ కట్టే మనిషి ఒక్కో పాటకు ఇరవై గంటలు కూర్చుంటాడు, రెండో మనిషి రెండు గంటల్లో తన భాగం చెప్పి వెళ్లిపోతాడు, జనం మాత్రం వేదిక మీద ఎవరు చురుగ్గా ఉంటే వారి పేరే గుర్తుపెట్టుకుంటారు. హిప్‌హాప్ తమిళా జంటలో ఆది ముందు కనిపిస్తారు, జీవా అంతగా కనిపించరు. అయినా 2012 నాటి తమిళ ఆల్బము నుంచి, మన 'ధ్రువ'తో సహా, సినిమా సంగీతం దాకా వారి పని ఒకే పేరు మీద వచ్చింది. ఒకరు ముందు, ఒకరు వెనక ఉండటంలో దోషమేమీ లేదు. ఆ సంగతి ఇద్దరూ నోరు తెరిచి ఒప్పుకున్నారా లేదా అన్నదే చూసుకోవాలి.

మొదటి నెలలో మూడు పాటలు ఫోన్‌లోనే రికార్డు చేసి చూడండి. ఒకదానిలో మీరు ముందుండాలి, ఒకదానిలో మీ మిత్రుడు ముందుండాలి, మూడోదానిలో ఇద్దరూ సమానంగా ఉండాలి. మీకు పరిచయం లేని ఒకరికి ఆ మూడూ వినిపించి ఏది గుర్తుందో మరుసటి రోజు అడగండి. స్నేహితులను అడగకండి, స్నేహితులు మూడూ బాగున్నాయంటారు.

గొంతుల పంపకం

రెండు గొంతులూ ఒకే శ్రుతిలో, ఒకే వేగంతో, ఒకే యాసతో నడిస్తే వినేవాడికి ఒక్క మనిషే పాడుతున్నట్టు ఉంటుంది. జంటలో ఉన్న లాభమంతా అక్కడే పోతుంది. బెంగళూరు ఈ విషయంలో తెలుగువాళ్లకు పెద్ద వరం ఇచ్చింది. 'ఏమప్పా' అనే అనంతపురం గొంతు, 'ఏటిరా' అనే ఉత్తరాంధ్ర గొంతు, కన్నడం కలిసిన కోలారు తెలుగు ఇక్కడ ఒకే మెస్సులో ఒకే బల్ల దగ్గర వినిపిస్తాయి. ఆ తేడాలను టీవీ తెలుగుగా చదును చేయకండి. ఒకరు యాసలో, మరొకరు పుస్తకాల తెలుగులో చెప్పినా సరే, ఎవరు మాట్లాడుతున్నారో రెండు మాటల్లో తెలియాలి.

ఇక కాలం లెక్క చూడండి. నాలుగు దెబ్బలు ఒక బారు, ఒకరు ఏకబిగిన చెప్పే భాగం వర్స్. నిమిషానికి 90 దెబ్బల బీట్ మీద 16 బార్ల వర్స్ అంటే 64 దెబ్బలు, దాదాపు 43 సెకన్లు. ముందు 4 బార్ల ఉపోద్ఘాతం పెట్టి, ఆపైన మొదటి వ్యక్తికి పూర్తి వర్స్ ఇస్తే, రెండో గొంతు 53వ సెకను దాటితే గానీ వినపడదు. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే అది ఒక వినికిడిగా లెక్కకు వస్తుంది. ఆ లోపే దాటేసిన వారికి మీరు జంట అన్న సంగతే తెలియదు. అందుకని మొదటి పాటల్లో 16 బార్లను ఒకరికే కట్టబెట్టకుండా 8గానో 4గానో విడగొట్టండి, లేదా మొదటి వర్స్‌లోనే రెండో మనిషి కొన్ని మాటలు అందుకునేలా రాయండి.

ఇలా అందుకోవడాన్ని అమెరికా నుంచి నేర్చుకోనక్కర లేదు, మనకు బుర్రకథ ఉంది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వారిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వంత అంటే 'తందాన తాన' అని తల ఊపే మనిషి మాత్రమే కాదు. అతడు కథకుణ్ని ఆపి ప్రశ్న వేస్తాడు, అనుమానం వెలిబుచ్చుతాడు, ఎగతాళి చేస్తాడు, ఆ లోపు కథకుడికి ఊపిరి దొరుకుతుంది. మీ రెండో గొంతుకు కూడా ఈ పనులన్నీ ఇవ్వండి. ప్రతి పంక్తి చివరా 'యా' అనడం ఎవరైనా చేయగలరు. ముందు పంక్తి గొప్పలు పోతే వెనక గొంతు నిజం చెప్పడం, ముందు గొంతు జీతం చెబితే వెనక గొంతు ఈఎంఐ చెప్పడం లాంటివి జంటకు మాత్రమే సాధ్యం.

తెలుగు మాటకు బీట్ కుదర్చడం

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస మనకు చవకగా దొరుకుతుంది, చవకైనది త్వరగా విసుగు పుట్టిస్తుంది. 'వచ్చాడు, చూశాడు, పోయాడు' అని క్రియలను వరస పెట్టి ప్రాస అనుకోవడం కొత్తవారు చేసే మొదటి తప్పు. పద్యంలో పెద్దలు ప్రాసను పాదం చివర కాకుండా రెండో అక్షరంలో పెట్టింది ఊరికే కాదు. జంటకు అది మరీ పనికొస్తుంది: ఒకరు మొదలుపెట్టిన రెండో అక్షరాన్ని మరొకరు పట్టుకుంటే, గొంతు మారినా పాట ఒకటేనని చెవికి తెలుస్తుంది. ఒకరు

మాట మీద మాట పెట్టి మెట్టు కట్టినాం

అన్నప్పుడు, రెండోవారు

పూట కూటి కోసమొచ్చి పాట పట్టినాం

అని అందుకున్నారనుకోండి. రెండు పంక్తుల్లోనూ రెండో అక్షరం 'ట'. ఇంతకంటే ఆసక్తికరమైనది ఈ పంక్తుల నడక. మాట, మీద, మాట, పెట్టి, మెట్టు, కట్టి: అన్నీ మూడేసి మాత్రల ముక్కలు, చివర 'నాం'. అంటే ఇది తిశ్రగతి. గురువు తర్వాత లఘువు వచ్చే రెండక్షరాల మాటలు తెలుగులో కుప్పలుగా ఉన్నందువల్ల మన వాక్యం తనంతట తానే 'తకిట, తకిట' అని నడుస్తుంది. ట్రాప్ అనే హిప్‌హాప్ శైలి బీట్ల మీద వినిపించే మూడేసి అక్షరాల ఫ్లో (మాటల నడక) తెలుగు నోటికి అంత సులువుగా పట్టుబడటానికి కారణం ఇదే.

ఈ పంక్తిని దెబ్బకొక ముక్క చొప్పున పరిస్తే ఏడు దెబ్బలు నిండుతాయి, నాలుగేసి దెబ్బల రెండు బార్లలో ఎనిమిదోది ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని మాటలతో పూడ్చకండి. రెండో మనిషి అరుపో, ఎదురుప్రశ్నో, నవ్వో పడవలసిన చోటు అదే, ముందు గొంతు గాలి పీల్చుకునే చోటు కూడా అదే. పైగా ఐదో దెబ్బ, అంటే రెండో బారు మొదలు, దగ్గర మొదటి పంక్తిలో 'మా'కు 'మె', రెండో పంక్తిలో 'పూ'కు 'పా' తగులుతున్నాయి. అచ్చులకు మైత్రి కుదరలేదు కనుక పండితులు దీన్ని యతి అని ఒప్పుకోరు. సబ్‌వూఫర్ దగ్గర నిలబడ్డవారు ఒప్పుకుంటారు.

తకధిమిగా నడిచే పాత తరహా బీట్ మీద మాత్రం ఇదే పంక్తి జారిపోతుంది. అక్కడ నాలుగు మాత్రల మాటలు వెతకాలి, లేదా మూడేసి ముక్కల నడుమ ఒక్కో మాత్ర ఆగాలి. నోటితో 'తకధిమి' అంటూ చేత్తో దెబ్బ వేసుకుని, బీట్ పెట్టకముందే పంక్తిని ఇద్దరూ కలిసి చెప్పి చూడండి. ఇద్దరి దెబ్బా ఒకేచోట పడకపోతే రికార్డింగులో ఎంత సరిదిద్దినా పడదు.

వేగం పెంచేటప్పుడు దీర్ఘాలను, ఒత్తులను కాపాడుకోవాలి. తొందరలో 'కాలం' కలమైపోతుంది, 'కల్ల' కలైపోతుంది, 'కళ' కూడా కలే అవుతుంది. ఇంగ్లిషులో అక్షరం మింగినా మాట బతుకుతుంది, తెలుగులో మాత్రను మింగితే వేరే మాట పుడుతుంది. రాసినవారు కాకుండా రెండోవారు కళ్లు మూసుకుని విని, వినిపించినట్టుగా కాగితం మీద రాయడం మంచి పరీక్ష. మేము ఈ పరీక్ష పెట్టుకున్న మొదటి రోజు, నేను గర్వంగా రాసుకున్న పంక్తిని నా మిత్రుడు ఇడ్లీ గురించి అనుకున్నాడు.

గది, మైకు

రికార్డింగ్ గురించి నాలుగు మాటలు చాలు. ఒక మంచి కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె), మూసి ఉండే హెడ్‌ఫోన్లు ఉంటే సరిపోతుంది. రికార్డింగుకు వాడే రీపర్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు ఉచితంగా వాడి చూసి, వ్యక్తిగత లైసెన్సును 60 డాలర్లకు కొనుక్కోవచ్చు. కేబుళ్లు, స్టాండ్లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. మైకు కంటే గది ముఖ్యం. ఖాళీ గోడల పీజీ గది కంటే బట్టలతో నిండిన బీరువా ముందు, వెనక పరుపు నిలబెట్టి చెబితే శబ్దం శుభ్రంగా వస్తుంది. ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి ఒకేసారి రికార్డు చేయకండి, తర్వాత ఒకరి గొంతు పెంచాలంటే రెండోది కూడా పెరుగుతుంది. వేర్వేరు ట్రాకుల్లో చెప్పండి, కానీ ఒకరు చెబుతున్నప్పుడు రెండోవారు గదిలోనే, కళ్లెదురుగా ఉండాలి. ఆ ఎదురు లేకపోతే జంట పాట రెండు ముక్కలు అతికించినట్టే ఉంటుంది.

వేదిక

మొదటి ఆరు నెలలు డబ్బు కోసం కాకుండా ఊపిరి కోసం వేదిక ఎక్కాలి. కబ్బన్ పార్కులో ఆదివారం పూట స్పీకరు లేకుండా నిలబడి చెప్పడం, ఇందిరానగర్, కోరమంగళ వైపు ఓపెన్ మైకులకు వెళ్లడం దీనికి సరిపోతాయి. అక్కడ వినేవారిలో తెలుగు తెలిసినవారు పదిమందిలో ఇద్దరు ఉండవచ్చు. నా అభిప్రాయంలో అది నష్టం కాదు. అర్థం తెలియనివాడి తల ఊగితే మీ లయ నిలబడినట్టే. వేదిక మీద మొదటి పలకరింపు కన్నడంలో చెప్పండి, హుక్‌లో, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవిలో, ఒక కన్నడ పంక్తి సహజంగా ఒదిగితే పెట్టండి, ఒదగకపోతే బలవంతంగా అతికించకండి. మన యాసలో విరిగిన కన్నడాన్ని ఇక్కడివారు మన్నిస్తారు, మెప్పు కోసం తెచ్చిపెట్టుకున్నదాన్ని ఇట్టే పసిగడతారు. హనుమాన్‌కైండ్ వంటివారు ఈ నగరం నుంచే ఇంగ్లిషులో ర్యాప్ చేసి 2024లో ప్రపంచమంతటికీ వినిపించారు కాబట్టి, భాష ఒక్కటే అడ్డం అనుకోవడానికి ఇక్కడ సాకు లేదు.

తెలుగు శ్రోతలు ఒక్కచోట దొరికేది ఉగాది, సంక్రాంతి సంబరాల్లో. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి సంస్థలు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంటు సంఘాలు, కంపెనీల తెలుగు బృందాలు ఇలాంటి కార్యక్రమాలు చేస్తుంటాయి. అక్కడ ముందు వరసలో బామ్మలూ పిల్లలూ ఉంటారు, సినిమా పాట పాడమంటారు. బూతు లేని 15 నిమిషాల కార్యక్రమం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. మా జీవితంలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు అలాంటి చోటే పడ్డాయి, ఒక పెద్దాయన వచ్చి 'ఇది హరికథా, బుర్రకథా నాయనా' అని అడిగి మరీ ఆశీర్వదించారు.

వేదిక మీద జంటకు ఉన్న అసలు సౌకర్యం ఊపిరి. ఒకరు పంక్తి చెబుతుంటే చివరి మాటను రెండోవారు కలిపి చెప్పాలి. ముందువారు ఆ మాటను వదిలేసి గాలి పీల్చుకోవచ్చు, వినేవారికి మాట మరింత గట్టిగా వినిపిస్తుంది. ఏ మాటలు కలిపి చెప్పాలో పాటలోనే గీత గీసి పెట్టుకోండి, వేదిక మీద తోచినట్టు కలిపితే రెండు గొంతులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వెనక మోగించే బ్యాకింగ్ ట్రాక్‌లో మీ వర్స్ ఉండకూడదు, హుక్ మాత్రం పలచగా ఉండవచ్చు. మైకు తలను అరచేత్తో కప్పి పట్టుకుంటే చూడటానికి బాగుంటుంది కానీ ఈల పుడుతుంది, మాట బురద అవుతుంది. ట్రాకులను ఫోన్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో వేవ్ ఫైళ్లుగా తీసుకువెళ్లండి, ఫోన్ అయితే పాట నడుమ అమ్మ కాల్ వస్తుంది.

సౌండ్‌చెక్ శుక్రవారం సాయంత్రం ఇందిరానగర్‌లో ఉంటే మారతహళ్లి నుంచి కారులో వెళ్లే ఆలోచన మానుకోండి. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా తెగకుండా నడుస్తోంది, మెట్రోనే నమ్మదగినది. ఇంకొక విషయం, బెంగళూరులో ప్రత్యక్ష సంగీతానికి వేదికలు పోలీసు లైసెన్సు తీసుకోవాలని 2005 నాటి ఉత్తర్వు ఉంది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక చాలా పబ్బులలో పాట కొంతకాలం ఆగిపోయింది. లైసెన్సు ఉందా అని ముందే అడగడంలో అమర్యాద ఏమీ లేదు. బయట మైదానంలో అయితే రాత్రి 10 గంటల తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు కాబట్టి, మీ వంతు 9.45కు పెట్టారంటే మీ ఆఖరి పాట లేనట్టే అనుకోండి.

పారితోషికంలో సగం ముందుగా తీసుకోండి. ఒక చోట 'మనవాళ్లే కదా' అని ఊరుకున్నాం, కార్యక్రమం అయ్యాక ఇద్దరికీ చెరో ప్లేటు బిర్యానీ దక్కింది. బిర్యానీ బాగానే ఉంది.

కాగితం

ఇక రెండో పంపకం. ఒక పాటలో చట్టం దృష్టిలో వేర్వేరు ఆస్తులు ఉంటాయి: రాసిన సాహిత్యం, కట్టిన సంగీతం, రికార్డు చేసిన ధ్వని. సాహిత్యానికీ సంగీతానికీ కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ధ్వని రికార్డింగుకు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. ఈ ఆస్తులు మీ ఇద్దరి మధ్య ఎలా చీలుతాయో పాట పూర్తయిన రాత్రే ఒక పేజీ మీద రాయండి. దాన్ని స్ప్లిట్ షీట్ అంటారు. పాట పేరు, తేదీ, పాన్ కార్డులో ఉన్నట్టుగా ఇద్దరి పేర్లు, సాహిత్యంలో ఎవరికెంత శాతం, సంగీతంలో ఎంత, రికార్డింగులో ఎంత, ఇద్దరి సంతకాలు. ఫోటో తీసి ఇద్దరూ దాచుకోండి. ఐదు నిమిషాల పని ఇది. పాట ఆడిన తర్వాత ఐదు నెలలైనా తెగదు.

శాతాలు ఎలా వేయాలి? సాధారణంగా సాహిత్యానికి సగం, సంగీతానికి సగం అనుకుంటారు. ఇద్దరూ రాసి, ఒకరే బీట్ కడితే ఆ లెక్కన ఒకరికి 75, మరొకరికి 25 వస్తుంది. లెక్క సరైనదే, కానీ పాతిక శాతం మనిషి రెండేళ్ల తర్వాత కూడా రిహార్సల్‌కు సమయానికి వస్తాడని నేను చెప్పలేను. నా సలహా వేరు. హక్కుల్లో సగం సగం పెట్టుకోండి, బీట్ కట్టిన శ్రమకు మాత్రం ఒక్కో పాటకు ఇంత అని ఒక మొత్తం నిర్ణయించి, కార్యక్రమాల నుంచి వచ్చే డబ్బులో ముందుగా దాన్ని తీసి ఇచ్చాక మిగిలినది పంచుకోండి. శ్రమకు విలువ కట్టినట్టూ ఉంటుంది, పాట ఇద్దరిదిగానూ ఉంటుంది.

ఈ ఉమ్మడి సంతకం మనకు కొత్తదేమీ కాదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఎవరు ఏ పాదం చెప్పారో విడదీయకుండా తిరుపతి వేంకట కవులుగా రాశారు. 1920లో తిరుపతిశాస్త్రి పోయిన తర్వాత కూడా వెంకటశాస్త్రి జంట పేరు మీదే రచనలు వెలువరించారు. ఒకరిని విడిగా మెరవనివ్వాలన్న కోరిక వస్తే అమెరికా ర్యాప్ జంట అవుట్‌కాస్ట్ చేసిన పని గుర్తు చేసుకోవచ్చు. ఆ ఇద్దరు 2003లో చెరొక సోలో ఆల్బము చేసి, రెండిటినీ జంట పేరుతో ఒకే కట్టగా విడుదల చేశారు, మరుసటి ఏడాది దానికి ఆ ఏటి ఉత్తమ ఆల్బముగా గ్రామీ వచ్చింది. విడిపోకుండా విడిగా ఉండటానికి అదొక దారి.

బయటి నుంచి బీట్ కొంటే అది లీజా, పూర్తి హక్కా చూసుకోండి. లీజు బీట్‌ను వేరేవారు కూడా వాడుకోవచ్చు, వినికిళ్లకూ గడువుకూ పరిమితి ఉండవచ్చు, పాట ఆడాక పరిమితి దాటితే మళ్లీ డబ్బు కట్టాలి. పాత సినిమా పాట ముక్క కోసి వాడాలనిపిస్తే రెండు అనుమతులు కావాలి, ఒకటి పాట హక్కుదారులది, ఇంకొకటి ఆ రికార్డింగు యజమానిది. సెకన్లు తక్కువైతే అనుమతి అక్కర లేదన్నది వట్టి మాట.

కంపెనీ ఏదైనా ఒప్పందం ఇస్తే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. అందుకే వారు ఆ రెండు ఖాళీలను ఎప్పుడూ వదలరు, 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని నింపుతారు. 2012 సవరణ తర్వాత మాత్రం గీత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను ముందుగా వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఆ రాయల్టీ అందాలంటే ఇద్దరూ విడివిడిగా ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరి పాటలు నమోదు చేయాలి. 1969లో ఏర్పడిన ఈ సంస్థ గీత రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి పెడుతుంది. జంట పేరు సభ్యత్వం తీసుకోదు, మనుషులు తీసుకోవాలి. పేరును మాత్రం ట్రేడ్‌మార్కుగా వినోద సేవల తరగతి 41లో నమోదు చేసుకోవచ్చు.

కంపెనీల కార్యక్రమాలకు వెళ్తే పారితోషికంలో సాధారణంగా 10 శాతం టీడీఎస్‌గా పట్టుకుని ఇస్తారు. డబ్బు ఒక్కరి ఖాతాలో పడితే పన్ను లెక్క కూడా ఆ ఒక్కరి మీదే పడుతుందని జంటలు మరిచిపోతాయి. రెండు బిల్లులు, రెండు పాన్‌లు ఇవ్వండి, లేదా భాగస్వామ్య పత్రం రాసుకుని ఉమ్మడి ఖాతా తెరవండి.

విడుదల

పాటలను స్పాటిఫై వంటి యాప్‌లకు చేర్చే సంస్థను డిస్ట్రిబ్యూటర్ అంటారు. పాటను ఆ సంస్థ ద్వారా అన్ని యాప్‌లకూ పంపేటప్పుడు కనీసం మూడు వారాల ముందు ఎక్కించండి. స్పాటిఫైలో ప్లేలిస్టు సంపాదకులకు పాటను పరిచయం చేయాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి. ఆ ఫారంలో 'మంచి తెలుగు ర్యాప్' అని రాయడం వృథా; ఎవరు ఏ ఊరివారు, పాట దేని గురించి, ఏ వాద్యం వాడారు అన్నవి రాయండి. డబ్బు విషయంలో ఆశలు అదుపులో పెట్టుకోండి, స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 వినికిళ్లు రాని పాటకు ఏమీ రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది చందాదారులతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు కావాలి. ఆరు వారాలకొక పాట, పాటకు మూడు చిన్న వీడియోలు అన్న లెక్క ఉద్యోగం చేసుకునే ఇద్దరికి మోయదగినది. ఆ వీడియోల్లో ఇద్దరి ముఖాలూ కనిపించాలి.

డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఎవరి మెయిల్ మీద తెరుస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మా ఖాతా నా మిత్రుడి పాత ఫోన్ నంబరుతో ముడిపడి ఉండేది. అతడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లాక ఆ నంబరు వదిలేశాడు, అది ఇంకెవరికో వెళ్లింది, ఓటీపీలు కూడా వారితోనే వెళ్లాయి. ఖాతా తిరిగి తెరిపించుకోవడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటికే వార్షిక రుసుము కట్టనందువల్ల రెండు పాటలు తొలగిపోయాయి, వాటిని మళ్లీ ఎక్కించినప్పుడు ఒక్కో రికార్డింగుకు గుర్తింపుగా ఇచ్చే పాత ఐఎస్ఆర్‌సీ సంఖ్యలు రాసిపెట్టుకోలేదు కనుక వినికిళ్లు సున్నా నుంచి మొదలయ్యాయి. ఆ 12 అక్షరాల సంఖ్యను ప్రతి పాటకూ స్ప్లిట్ షీట్ మీదే రాసుకోండి. జంట కోసం వేరే మెయిల్ తెరవండి, పునరుద్ధరణ నంబర్లుగా ఇద్దరివీ ఇవ్వండి.

విడిపోయేటప్పుడు

భాగస్వామ్య పత్రంలోనే ఈ భాగం కూడా రాసుకోవాలి, స్నేహం పచ్చగా ఉన్నప్పుడే రాయాలి. మూడు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. ఒకరు వెళ్లిపోతే పేరు ఎవరిది? నా సలహా అడిగినవారికి, ఎవరిదీ కాదు, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఆ పేరుతో కొత్త పాట రాకూడదు అని రాయమంటాను. పాత పాటలను వేదిక మీద ఎవరు పాడవచ్చు? ఇద్దరూ పాడవచ్చు, రెండో మనిషి వర్స్ వదిలేసి. సగంలో ఆగిన పాటలు ఎవరివి? బీట్ కట్టినవారికి బీట్, రాసినవారికి మాట తిరిగి వెళ్లిపోవాలి. విడుదలైన పాటల ఆదాయం మాత్రం స్ప్లిట్ షీట్ ప్రకారం ఇద్దరికీ వెళ్తూనే ఉండాలి, ఒకరు సంగీతం మానేసినా సరే.

మా జంటకు ఈ పత్రం లేదు, విడిపోయిన ఏడాది తర్వాత ఒక దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతూ టిష్యూ కాగితం మీద రాసుకున్నాం. ఇప్పుడు మూడు నెలలకొకసారి స్టేట్‌మెంట్ వస్తుంది. కిందటిసారి నా మిత్రుడి వాటా 214 రూపాయలు. యూపీఐలో పంపి, వివరం గడిలో పాట పేరు రాశాను. అతడు తన వర్స్‌లోని మొదటి పంక్తిని జవాబుగా పంపాడు.